కంప్యూటరు లేని రోజుల్లో ప్రోగ్రామర్ ఏం చదువుకున్నారు? కే మెక్‌నల్టీ బాల్యం, చదువు గురించి

సుజాత_కృష్ణలంక
మా తమ్ముడి కూతురు ఈ ఏడాది తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ ఎంపీసీ పూర్తి చేసింది. ఇంజినీరింగులో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. గణితం ప్రధానంగా డిగ్రీలో చేరతానని పిల్ల అంటుంటే, ఇంట్లో పెద్దలందరిదీ ఒకటే మాట: లెక్కలు చదివితే బడిపంతులు ఉద్యోగం తప్ప ఏముంది, పైగా తెలుగు మీడియం. తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్ మీద పనిచేసిన తొలి ప్రోగ్రామర్లలో కే మెక్‌నల్టీ గణితం పట్టభద్రురాలని ఎక్కడో చదివిన గుర్తుండి, ఆవిడ సంగతి వాళ్ళకు చెబుదామని వెతికాను. నాకు దొరికిన ప్రతి వ్యాసమూ 1945లోనే మొదలవుతోంది. యంత్రం 30 టన్నులు, అందులో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు, దాన్ని ప్రోగ్రామ్ చేసిన ఆరుగురు అమ్మాయిల్లో కొందరు దాని ముందు నిలబడిన ఫొటో, అక్కడితో సరి. అప్పటికి ఆవిడకు 24 ఏళ్ళు. ఆ 24 ఏళ్ళలో ఏ ఊళ్ళో పెరిగారు, ఏ పాఠాలు చదివారు, ఆ చదువులో ఏది అక్కరకొచ్చింది అన్నదే నాకు కావాలి. తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

పాతపుస్తకాలు
సుజాతగారూ, మీరు అడిగిన భాగమే ఆవిడ కథలో అన్నిటికంటే ముఖ్యమైనదని నేనూ అనుకుంటాను.

కాథ్లీన్ మెక్‌నల్టీ 1921 ఫిబ్రవరి 12న ఐర్లండులోని డోనెగల్ కౌంటీలో, క్రీస్లఖ్ అనే ఊరి దగ్గర పుట్టారు. అప్పుడు అక్కడ స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. తండ్రి జేమ్స్ మెక్‌నల్టీ ఐరిష్ రిపబ్లికన్ సైన్యంలో శిక్షణాధికారి. బిడ్డ పుట్టిన రాత్రే ఆయన్ను అరెస్టు చేసి, డెర్రీ జైలులో రెండేళ్ళు ఉంచారు. విడుదలయ్యాక, 1924 అక్టోబరులో కుటుంబం మొత్తం అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియాలోని చెస్ట్‌నట్ హిల్ పేటలో స్థిరపడింది. తండ్రి రాతి కట్టడాల మేస్త్రీగా పనిచేసి ఆరుగురు పిల్లల్ని పెంచాడు. వాళ్ళలో ఈవిడ మూడో బిడ్డ.

ఓడ దిగేనాటికి ఆ పిల్లకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇంట్లో మాట్లాడుకునేది ఐరిష్ మాత్రమే. చిన్ననాడు ఐరిష్‌లో నేర్చుకున్న ప్రార్థనలు ఆవిడకు జీవితాంతం గుర్తున్నాయి.

కెరమెరి_కుర్రాడు
పాతపుస్తకాలుగారు రాసిన చివరి మూడు వాక్యాలూ చదివి కాసేపు ఆగిపోయాను. మా ఇంట్లో మాట్లాడేది గోండి. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు పంతులుగారు చెప్పే తెలుగు నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు, అందుకని వెనక వరుసలో గోడకు ఆనుకొని కూర్చునేవాణ్ణి. లెక్కల గంటలో మాత్రం ముందుకు వచ్చేవాణ్ణి. నల్లబల్ల మీద వేసిన కూడికకు మాటలతో పని లేదు, జవాబు పలక మీద వేసి చూపిస్తే చాలు. క్లాసులో నేను అందరితో సమానమని అనిపించిన మొదటి చోటు అదే. ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఆవిడకు కూడా లెక్కలంటే అలాగే ఇష్టం పుట్టిందా అన్నది నేను చెప్పలేను గానీ, నాకు మాత్రం అలాగే పుట్టింది.

నిక్కచ్చి_నరహరి
కెరమెరి తమ్ముడి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. మెక్‌నల్టీగారు అమెరికాలో దిగింది మూడున్నరేళ్ళు దాటిన వయసులో. ఆ వయసు పిల్లలు వీధిలో ఆడుకుంటూనే కొత్త భాష పట్టేస్తారు. చర్చి వాళ్ళ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళేసరికి ఆవిడకు ఇంగ్లీషు వచ్చేసి ఉంటుంది. పదిహేడేళ్ళు వచ్చేదాకా తెలుగులో చదివి డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకునే పిల్ల కష్టం వేరు. సుజాతగారి మేనకోడలికి ఈ కథను ధైర్యం కోసం చెప్పండి, కానీ రెండూ ఒకటేనని చెప్పకండి.

కెరమెరి_కుర్రాడు
ఒప్పుకుంటున్నాను, నరహరిగారూ. నాకు కూడా గోండి నుంచి తెలుగులోకి రావడం కంటే తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళడమే ఎక్కువ కష్టమయింది.

లెక్కల_మాస్టారు
ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ కళాశాలలో గణితం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, ఆవిడ చదివిన పాఠాల సంగతి నేను రాస్తాను.

ఉన్నత పాఠశాల ఫిలడెల్ఫియాలోని హాలహన్ క్యాథలిక్ బాలికల పాఠశాల. అక్కడ ఒక ఏడాది బీజగణితం, ఒక ఏడాది సమతల జ్యామితి, మళ్ళీ ఒక ఏడాది బీజగణితం, తర్వాతి ఏడాది త్రికోణమితి, ఘన జ్యామితి చదివారు. ఆపైన చెస్ట్‌నట్ హిల్ మహిళా కళాశాల. ఆ కళాశాలలో గణితశాఖ చెప్పే పాఠాలన్నింటినీ ఆవిడ తీసుకున్నారు: గోళీయ త్రికోణమితి, అవకలన గణితం, ప్రక్షేప జ్యామితి, పాక్షిక అవకలన సమీకరణాలు, సాంఖ్యక శాస్త్రం. 1942 జూన్‌లో పట్టా పుచ్చుకున్నారు. ఆ ఏడాది పట్టా పొందిన 92 మంది అమ్మాయిల్లో గణితం ప్రధానాంశంగా చదివినవారు ముగ్గురే.

గోళీయ త్రికోణమితి గురించి ఒక్క మాట. కాగితం మీద గీసిన త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలు వస్తాయని బడిపిల్లలందరికీ తెలుసు. అదే త్రిభుజాన్ని బంతి మీద గీస్తే 180 కంటే ఎక్కువ వస్తుంది. ఓడల ప్రయాణానికీ నక్షత్రాల స్థానాలకూ ఆ లెక్కే ఆధారం. మా రోజుల్లో ఖగోళశాస్త్రం పేపరులో దాన్ని చెప్పేవాళ్ళం. పిల్లలు భయపడేవారు. బత్తాయిపండు మీద కలంతో గీసి చూపిస్తే ఆ భయం పోయేది.

బీకాం_భారతి
మాస్టారూ, అసలు విషయం ఒకటి మీరు వదిలేశారు. ఆవిడ గణితంతో పాటు వాణిజ్య పాఠాలు కూడా చదివారు. మూడో ఏడాదిలో ఉండగా ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించుకున్నారు. బడిలో పాఠాలు చెప్పడం ఇష్టం లేదు. బీమా కంపెనీల్లో యాక్చువరీ పని, అంటే నష్టభయాన్ని లెక్కకట్టే పని, చేద్దామంటే దానికి పైచదువు పట్టా కావాలి, పైగా అక్కడ ఆడవాళ్ళను తీసుకోవడం అరుదు. వ్యాపార సంబంధమైన చదువు కూడా ఉంటే పని దొరకడం తేలికవుతుందని, టైంటేబులులో ఖాళీ దొరికిన ప్రతిచోటా అకౌంటింగు, బ్యాంకింగు, వ్యాపార చట్టం, ఆర్థికశాస్త్రం చేర్చుకున్నారు.

సుజాతగారి ఇంట్లో పెద్దలు అడుగుతున్న ప్రశ్ననే ఆవిడ తనకు తాను వేసుకుని, జవాబు కూడా తానే వెతుక్కున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. నేను బీకాం చదివి, ఉద్యోగంలో చేరాక రాత్రిపూట ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. నామా పద్దుల్లో డెబిట్టూ క్రెడిట్టూ సరిపోయేవరకూ లేవకుండా కూర్చున్న అలవాటే నాకు ఇప్పటికీ తిండి పెడుతోంది.

సుజాత_కృష్ణలంక
భారతిగారూ, ఈ సంగతి నాకు అసలు తెలియదు. బీమా కంపెనీ సంగతి మా తమ్ముడికి చదివి వినిపించాను. అయితే ఆవిడకు మొదటి ఉద్యోగం ఎలా దొరికింది?

పాతపుస్తకాలు
పట్టా పుచ్చుకున్న ఒకటి రెండు వారాలకే ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో ఒక ప్రభుత్వ ప్రకటన కనిపించింది. గణితంలో పట్టా ఉన్న స్త్రీలు కావాలని అందులో ఉంది. వెంటనే తనతో గణితం చదివిన మిగిలిన ఇద్దరు స్నేహితురాళ్ళకూ, ఫ్రాన్సిస్ బిలాస్, జోసఫిన్ బెన్సన్‌లకు ఆ కబురు చెప్పారు. బెన్సన్‌కు రావడం కుదరలేదు. మిగిలిన ఇద్దరూ సౌత్ బ్రాడ్ వీధిలోని ఒక భవనంలో ఇంటర్వ్యూకు హాజరయ్యారు. వారం తిరిగేసరికి ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. జీతం ఏడాదికి 1,620 డాలర్లు. ఆ ఉద్యోగం పేరే కంప్యూటర్. లెక్కలు చేసే మనిషిని అప్పట్లో అలా పిలిచేవారు. పని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని మూర్ ఇంజినీరింగ్ స్కూల్లో, సైన్యం కోసం.

నిక్కచ్చి_నరహరి
ఇక్కడే నా రెండో అభ్యంతరం. ఆ ప్రకటన పడింది మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళిపోయారు కాబట్టి. 1938లో ఆవిడ అదే చదువుతో బయటికి వచ్చి ఉంటే, ఇష్టం లేకపోయినా బడిలో పాఠాలు చెప్పుకోవలసి వచ్చేదేమో. గణితం చదివితే దారులు వాటంతట అవే తెరుచుకుంటాయని మేనకోడలికి చెబితే అది పూర్తి నిజం కాదు. దారి తెరిచింది యుద్ధం. ఇంకో సంగతి కూడా ఉంది. వాళ్ళకిచ్చిన హోదా ఎస్‌పీ-4. ఆ రెండక్షరాలకూ అర్థం సబ్‌ప్రొఫెషనల్ అని. గణితంలో పట్టా తెచ్చుకున్నవాళ్ళను కూడా వృత్తినిపుణుల కంటే కింది మెట్టు మీదే నిలబెట్టారు.

బీకాం_భారతి
నరహరిగారూ, దారి తెరిచింది యుద్ధమే, కాదనను. కానీ ఆ పట్టాతో ఆ ఏడాది ఆ కళాశాల గడప దాటింది ముగ్గురే కదా. తలుపు తెరిచిననాడు గుమ్మంలో నిలబడి ఉండాలంటే అంతకు నాలుగేళ్ళ ముందే బయల్దేరి ఉండాలి.

నిక్కచ్చి_నరహరి
ఆ మాట నిజమే. హోదా విషయంలో మాత్రం నా కోపం తగ్గదు.

లెక్కల_మాస్టారు
తగ్గనక్కరలేదు, అది న్యాయమైన కోపం.

వాళ్ళు చేసిన పని ఎలాంటిదో కొంచెం దగ్గరగా చూపిస్తాను. ఫిరంగి పేల్చేవాడికి ఒక పట్టిక కావాలి. ఇంత దూరాన ఉన్న లక్ష్యానికి గొట్టాన్ని ఎంత కోణంలో ఎత్తాలో అందులో చూసుకుంటాడు. గాలి నిరోధం లేకపోతే అది ఇంటర్మీడియట్ పిల్లలు చేసే పరావలయం లెక్క. గాలి ఉన్నప్పుడు వేగం మారితే నిరోధం మారుతుంది, నిరోధం మారితే మళ్ళీ వేగం మారుతుంది. దానికి ఒక్క సూత్రంతో జవాబు రాదు. కాలాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి, ఈ క్షణం వేగం నుంచి నిరోధం, ఆ నిరోధం నుంచి తర్వాతి క్షణం వేగం, అలా ఒక్కొక్క వరుసా నింపుకుంటూ పోవాలి. పెద్ద పెద్ద గళ్ళ కాగితాలు, బల్ల మీద ఒక యాంత్రిక క్యాలిక్యులేటర్, పది దశాంశ స్థానాల వరకు అంకెలు. గుండు ఒక్కసారి ఎగిరి పడే మార్గాన్ని లెక్కించడానికి ఒక మనిషికి 30 నుంచి 40 గంటలు పట్టేది. ఒక్కో ఫిరంగి పట్టికకు అలాంటి మార్గాలు దాదాపు 1,800.

గుణించి చూడండి. 40 గంటల చొప్పున 72,000 గంటలు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు పనిచేస్తే ఒక మనిషికి 30 ఏళ్ళు.

ఈ పద్ధతిని సంఖ్యాత్మక సమాకలనం అంటారు. కళాశాలలో అన్ని గణిత పాఠాలూ చదివిన ఆ ఇద్దరికీ ఇది మాత్రం తెలియదు! ఒక పాఠ్యపుస్తకం చేతికిచ్చి చదువుకోమన్నారు. దానివల్ల వాళ్ళకు పెద్దగా ఏమీ బోధపడలేదు. చివరికి లైలా టాడ్ అనే పర్యవేక్షకురాలు దగ్గరుండి చూపిస్తుంటే, చేస్తూ చేస్తూ నేర్చుకున్నారు.

గుంటూరు_గిరి
మాస్టారు రాసిన చివరి పేరా మా కాలేజీ పిల్లలందరికీ చదివి వినిపించాలి. సిలబస్‌లో లేనిది ఉద్యోగంలో అడుగుతారని ఏటా గొడవ.

సిద్దిపేట_స్వప్న
ఒక సవరణ. ఎనియాక్ తొలి ప్రోగ్రామర్లైన ఆ ఆరుగురూ గణితం చదివినవాళ్ళేనని చాలామంది అనుకుంటారు, అది సరి కాదు. బెట్టీ స్నైడర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి రోజునే గణితం ప్రొఫెసరు, ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచుకుంటే బాగుంటుంది కదా అని ఆమెను అడిగాడు. ఆవిడ జర్నలిజం తీసుకుని అందులో పట్టా పుచ్చుకున్నారు. మార్లిన్ వెస్కాఫ్ టెంపుల్ విశ్వవిద్యాలయంలో చదివింది సాంఘిక శాస్త్రం, ఇంగ్లీషు. కూడికల యంత్రం నడపడం వచ్చినందువల్ల ఆమెను పనిలోకి తీసుకున్నారు. జీన్ జెన్నింగ్స్ మాత్రం గణితమే. మిస్సోరీ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో ఏడుగురు పిల్లల్లో ఆరో ఆమె. ఉపాధ్యాయుల్ని తయారుచేసే కళాశాలలో 1945లో పట్టా పొందిన ఏడాది, ఆ తరగతిలో గణితం ప్రధానంగా తీసుకున్నది ఆమె ఒక్కరే.

కాబట్టి సుజాతగారూ, పెద్దలు గణితాన్ని చూసి బెంగపడనక్కరలేదు. గణితం ఒక్కటే దారి అని పిల్ల కూడా అనుకోనక్కరలేదు.

లెక్కల_మాస్టారు
బెట్టీ స్నైడర్‌తో ఆ మాట అన్నవాడు నా వృత్తివాడేనని తలుచుకుంటే బాధగా ఉంది. ఆవిడే తర్వాత యూనివాక్ కంప్యూటర్ల కోసం, రికార్డుల్ని వరుసలో పేర్చే ప్రోగ్రాముల్ని తానంతట తానే రాసిపెట్టే ప్రోగ్రాము తయారుచేశారు. మొదటి రోజు ఒక పిల్లతో మనం అనే ఒక్క మాట ఎంత దూరం వెళుతుందో మేము ముందుగా ఆలోచించాలి.

వాణి_ఫిలడెల్ఫియా
నేను ఇక్కడ పదేళ్ళుగా ఉంటున్నాను. మూర్ స్కూల్ భవనం 33వ వీధి, వాల్‌నట్ వీధి కలిసే చోట ఉంది. ఎనియాక్‌లోని 40 పలకల్లో కొన్ని ఇప్పటికీ అక్కడ ప్రదర్శనలో ఉన్నాయి. నల్లటి పలకలు మనిషి కంటే ఎత్తు. వాటి మీద వరుసలు వరుసలుగా తిప్పే బిరడాలు, ఒక్కొక్కదాని చుట్టూ అంకెలు. మా అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, ఇవన్నీ చేత్తో తిప్పేవారా అని అడిగింది. అవునని చెప్పాను. తీగలు పీకి గుచ్చడం, బిరడాలు తిప్పడం, అప్పట్లో ప్రోగ్రామ్ పెట్టడమంటే అదే.

ఎనియాక్ దాకా రాకముందు ఇంకో మెట్టు ఉంది, దాన్ని ఎవరూ రాయలేదు. చేరిన రెండు మూడు నెలలకే మెక్‌నల్టీని, బిలాస్‌ని ఆ భవనం నేలమాళిగలో ఉన్న డిఫరెన్షియల్ అనలైజర్ మీదికి మార్చారు. అది ఇరుసులతో, పళ్ళచక్రాలతో నడిచే భారీ యంత్రం. అప్పటికి అమెరికా మొత్తంలో అలాంటివి మూడే ఉన్నాయి. చేత్తో 40 గంటలు పట్టే లెక్క దాని మీద ఒక గంటకు అటూ ఇటూగా తేలేది.

పాతపుస్తకాలు
వాణిగారు రాసినది చాలా అవసరమైన భాగం. ఆ మెట్టు తెలియకపోతే 1945లో వాళ్ళను ఎందుకు ఎంచుకున్నారో అర్థం కాదు. 1945 జూన్‌లో ఆరుగురిని ఎంపిక చేసి, ముందు సైన్యం ఆయుధాలను పరీక్షించే అబర్డీన్ కేంద్రానికి పంపించి పంచ్ కార్డు యంత్రాల మీద శిక్షణ ఇచ్చారు. ఎనియాక్ రహస్య పథకం కావడంతో మొదట్లో వాళ్ళను యంత్రం ఉన్న గదిలోకి రానివ్వలేదు. వైరింగు పటాలు చేతికిచ్చి, దీన్ని చూసి యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి అన్నారు. నేర్పడానికి పాఠ్యపుస్తకం లేదు, ప్రోగ్రామింగ్ భాష లేదు.

కెరమెరి_కుర్రాడు
సబ్‌రొటీన్, అంటే ప్రోగ్రాములో ఒక భాగాన్ని అవసరమైనప్పుడల్లా మళ్ళీ వాడుకోవడం, ఆ ఆలోచన మెక్‌నల్టీగారిదేనని విన్నాను. నిజమేనా?

పాతపుస్తకాలు
కొన్ని మార్గాల లెక్కకు యంత్రంలోని వలయాలు చాలకపోతే, ఒకసారి అమర్చిన భాగాన్నే మాస్టర్ ప్రోగ్రామర్ అనే విభాగం సాయంతో మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చని మొదట సూచించింది కే మెక్‌నల్టీయేనని జీన్ జెన్నింగ్స్ తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. దాన్ని అమలు చేసింది మాత్రం అందరూ కలిసి.

బీకాం_భారతి
ఇది నా ఊహ మాత్రమే. నెలల తరబడి గళ్ళ కాగితం మీద అవే గుణకారాలు, అవే కూడికలు వరుస వెంట వరుస చేసిన మనిషికి, ఈ వరుసను మళ్ళీ కొత్తగా ఎందుకు అమర్చాలి అన్న ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? యంత్రాన్ని తయారుచేసినవాళ్ళ కంటే చేత్తో లెక్క చేసినవాళ్ళకే ఆ విసుగు బాగా తెలుసు.

నిక్కచ్చి_నరహరి
ఈ ఊహతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, భారతిగారూ.

లెక్కల_మాస్టారు
సుజాతమ్మా, మీ మేనకోడలికి ఒక చిన్న లెక్క ఇస్తాను, ఇష్టమైతే చేయమనండి. సెకనుకు 500 మీటర్ల వేగంతో అడ్డంగా పోతున్న గుండు. సెకనుకు తగ్గే వేగం ఎంతంటే, అప్పటి వేగం వర్గాన్ని 0.0001తో గుణిస్తే వచ్చినంత. ఒక్కో సెకనుకు ఒక్కో వరుస. పది వరుసలు నింపాలి. మామూలు క్యాలిక్యులేటర్ వాడవచ్చు, కంప్యూటర్ వాడకూడదు. నిజమైన పట్టికలో సెకను చాలా పెద్ద ముక్క, గురుత్వాకర్షణ కూడా కలపాలి. అయినా పని స్వభావం చేతికి తెలియడానికి ఇది చాలు.

సుజాత_కృష్ణలంక
మాస్టారూ, నిన్న రాత్రి భోజనం అయ్యాక పిల్ల లెడ్జరు పుస్తకంలోంచి ఒక కాగితం చింపుకొని కూర్చుంది. వాళ్ళ నాన్న పక్కన కూర్చొని క్యాలిక్యులేటర్ మీటలు నొక్కాడు. పదకొండింటికి లేచారు. మొదటి నాలుగు వరుసలు రాస్తున్నాను: 500, 475, 452.4375, 429.875. పది వరుసలూ నిండాయి.

లెక్కల_మాస్టారు
మొదటి మూడూ సరిగ్గా ఉన్నాయి. 500 నుంచి 25 తగ్గింది, 475 నుంచి 22.5625 తగ్గింది. ఆ తర్వాత 452.4375 వర్గాన్ని తీసుకోవాలి. అప్పుడు తగ్గేది 20.47, వేగం 431.9675 కావాలి. పిల్ల పొరపాటున పై వరుసలోని 22.5625నే మళ్ళీ తీసేసింది. ఒక వరుసలో తప్పు పడితే దాని కింద ఉన్నవన్నీ తప్పే కాబట్టి, నాలుగో వరుస నుంచి మళ్ళీ చేయాలి. మెక్‌నల్టీగారికి ఇలాంటి తప్పు ముప్పయ్యో గంటలో దొరికి ఉంటే ఏం చేసి ఉంటారో ఒకసారి ఊహించుకోమని పిల్లకు చెప్పండి.

సుజాత_కృష్ణలంక
చెప్పాను. కొత్త కాగితం చింపుకుంది. ఈసారి మీటలు తానే నొక్కుతానని, నాన్నను అంకెలు పైకి చదవమంది.